దీపం వెనక పెట్టి చూడాలి

వెనింగ్ గోళ్ల సందుల్లో ఎప్పుడూ గులాబీ రంగు ఉంటుంది. యోగ్యకర్త నగరంలోని విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్ చదువుతూనే, సాయంత్రాలు తండ్రితో కలిసి, రాత్రిపూట నడిచే చేప వేపుడు బడ్డీల ముందు కట్టే గుడ్డ బ్యానర్లు రాస్తుంది. దారిలో ఏ బోర్డు కనబడినా ఒక కన్ను మూసి బొటనవేలితో అక్షరాలు కొలుస్తుంది. ఆఖరి పరీక్షకు అందరూ కంప్యూటర్ బొమ్మలు తెస్తే, ఈమె చేప బొమ్మ వేసిన ఒక బ్యానర్ తెచ్చి తరగతి మధ్యలో కట్టింది.

“ఇంత లావు అక్షరాలా? నీకు ఉద్యోగం ఎవడిస్తాడమ్మా?” అన్నారు మేష్టారు.

వెనింగ్ కిటికీలు మూసి, గుడ్డ వెనక దీపం పెట్టింది. వెలుగు అంచుల్ని కొరికేయగానే అక్షరాలు నాజూగ్గా తేలాయి. చేప నిగనిగలాడింది.

“బడ్డీల్లో దీపం వెనకే కదా సార్ ఉండేది! ఉద్యోగమంటారా... మీరు రోజూ తినే బడ్డీ బ్యానర్ రాసింది నేనే.”