ఎద్దుకు వండిన ఉలవలు

నా చిన్నప్పుడు, నెక్కొండ దగ్గర మా ఊళ్లో, ఒకే వారంలో మా ఇంట్లో రెండు ప్రాణాలకు దెబ్బ తగిలింది. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ పుండైంది. పత్తికట్టె నరుకుతుంటే గొడ్డలి జారి నా పిక్క చీలింది.

బాపు నన్ను దవాఖానకు తీసుకెళ్లి కుట్లు వేయించాడు. అక్కడి నర్సమ్మ కట్టు కడుతూ, "పొల్ల బక్కగున్నది. పప్పు, గుడ్లు మంచిగ పెట్టుండ్రి. ఒంట్ల సత్తువ లేకుంటే పుండు మానది" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా నాయినమ్మ కసిరింది.

"పప్పు తింటే చీము వడ్తది. పథ్యం సంగతి నాకు తెల్వదా?"

బాపు ఎద్దుకు నీళ్లు పెట్టడానికి కొట్టంలోకి పోయాడు.

ఆనాటి నుంచి నాకు రెండు పూటలా మెత్తటన్నం, నీళ్లచారు. కుట్లు తీశాక కూడా గాయం అతుక్కోలేదు. అంచులు పాలిపోయి, ఎప్పుడూ చెమ్మగా ఉండేది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఆకలని ఏడిస్తే నాయినమ్మ, "నోరు కట్టుకోని దానికి కాలెట్ల మానుతదే?" అనేది.

ఎద్దుకు మాత్రం రోజూ ఉడికించిన ఉలవలు, తవుడు. దుక్కుల నాటికి దానికి బలం రావాలని నాయినమ్మే దగ్గరుండి పెట్టించేది. దాని మెడ త్వరగానే మానుముఖం పట్టింది.

ఆ ఉలవలు వండేది అమ్మ. ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు. ఒకనాడు ఈగలు తోలమని నన్ను కొట్టంలో కూర్చోబెట్టి, ఆకు డొప్పలో ఉప్పు వేసిన ఉలవలు ఒళ్లో పెట్టింది. "జర జల్ది తిను బిడ్డా" అంది. ఆ తర్వాత రోజూ అంతే. మెల్లగా నా గాయం అంచులు ఎర్రబడి దగ్గరకు రాసాగాయి.

ఓ మధ్యాహ్నం నాయినమ్మ చూడనే చూసింది. డొప్పను కాలితో తన్నింది. "గొడ్డు కూడు పొల్లకు వెడ్తవా?" అని అరిచి బాపును పిలిచింది. నర్సమ్మ మాట చెవులారా విన్న బాపే ఎద్దును తోలే ముల్లుగర్ర అందుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు. అమ్మ దెబ్బలన్నీ తిని, కింద పడ్డ ఉలవలు ఏరి ఎద్దు ముందు పోసింది.

మరునాడు గడ్డి కింద దాచిన డొప్ప నాకు చూపించింది. కుడిచేయి పైకి లేవక ఎడమచేత్తో తీసింది.

"భయపడకు. మానేదాక తినాలె."

నా కాలు మానింది. తన పథ్యం మహిమేనని నాయినమ్మ వాడంతా చెప్పుకుంది. అమ్మ వీపు మీది పుండ్లు చాన్నాళ్లు మానలేదు. వాటికి ఎవరూ మందు రాయలేదు, ఆమెకు ఎవరూ పిడికెడు ఉలవలు పెట్టలేదు. అందరూ తిన్నాక మిగిలిన చారుతోనే ఆమె అన్నం తినేది.

ఈ మధ్య వరంగల్‌లో నా మనవరాలు స్కూటీ మీది నుంచి పడి చేయి విరగ్గొట్టుకుంది. చూడవచ్చిన చుట్టాలు పప్పు పెట్టొద్దన్నారు. వాళ్ల ముందే పప్పన్నం, గుడ్డు తినిపించాను. ఆ తర్వాత, దవాఖాన చుట్టూ తిరిగి అలిసిపోయిన నా కోడలిని పిలిచాను.

"నువ్వేం తిన్నవ్?"

ఎవరింట్లో ఎవరు మంచం పట్టినా, వాళ్లకు వండి పెట్టే మనిషిని ఆ మాట అడగకుండా నేను గడప దాటను. మా అమ్మను ఎవరూ అడగలేదు.