కాకులకు కట్టిన సీడీ

"నా సీడీ ఏటి సేసావ్ మామ్మా?"

"డాబా మీదుంది. కాకుల్ని తోల్తంది."

"అది ఆఫీసు ప్రోగ్రామే! తాడుకి కట్టేత్తావా?"

"పాతదీ, పన్లేదని నువ్వే ఇచ్చావు కదే. పన్లేకుండా నా కొంపలో ఏదీ కూకోదు, నువ్వు తప్ప."

ఆ మాటకు నా మనవరాలు ఏడ్చింది.

మా ఇల్లు ఫిషింగ్ హార్బరు దగ్గర. నెత్తళ్ళనే చిన్న చేపల్ని డాబా మీద ఎండబెట్టి అమ్ముతాను. తాడుకు కట్టిన సీడీలు గాలికి మెరుస్తూ ఊగితే కాకులు వాలవు, కాపలాకు మనిషి అక్కర్లేదు. మనవరాలు కంప్యూటరు చదివి, బోట్ల యజమానులకు పనిచేసే ఒక చిన్న ఆఫీసులో చేరింది.

ఏడుపాపి చెప్పమన్నాను. చెప్పింది. ఒక్కో బోటు వివరాలనూ ఇంజనుతో, కళాసీలతో, పట్టిన చేపలతో సహా ఒక మూటగా చుట్టేసి, కంప్యూటరు పట్టికలో ఒకే గడిలో పడేసిందట. దేని గడిలో దాన్ని విడివిడిగా రాయడానికి బద్ధకం. ఆ మూట చుట్టిన ప్రోగ్రామే దాన్ని విప్పాలి. తర్వాత యజమానులు ఐసు వివరం కూడా కావాలంటే ప్రోగ్రాము మార్చి, పాతదాన్ని చెరిపేసింది. కొత్తదేమో పాత మూటల్ని ముట్టుకోనంటోంది. పాతది మిగిలింది ఆ సీడీలోనే. మర్నాడు పొద్దున్నకల్లా పోయిన ఏటి చేపల వివరాలు యజమానుల ముందు పెట్టకపోతే ఉద్యోగం తీసేస్తామన్నారట ఆఫీసువాళ్ళు.

"పట్టికలో అన్నీ ఉన్నాయన్నావు కదే?"

"ఉన్నాయి మామ్మా. సదవలేం."

"నీ సదువూ అలాగే ఉంది. పట్టా ఉంది, లోపలేటుందో ఎవులికీ తెలీదు."

డాబా మెట్ల వైపు పరిగెత్తింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"నెత్తళ్ళు ఎండనీ. నాకు హార్బర్లో పనుంది."

"ఆఫీసులో ఇచ్చేసి పరుగున వచ్చేత్తాను మామ్మా. కర్రట్టుకుని నానే తోల్తాను."

"నువ్వొచ్చేదాకా కాకులు నోరు కట్టుకుని కూకుంటాయేటి?"

డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి మెట్ల మీదే కూర్చుని ఉంది. అన్నం ముట్టలేదు. ముట్టకపోతే రాత్రికి పనికొస్తుందని గిన్నె మూతపెట్టాను. నెత్తళ్ళు గలగలా ఎండాయి. అప్పుడు తాళం తీశాను. సీడీల మీద పెన్నుతో రాసిన పేర్లు ఎండకు పోయాయి. ఏది తనదో తెలియక అన్నీ తెంపుకుని ఆఫీసుకు పరిగెత్తింది. ఉప్పుగాలికి కొన్నింటి మీద వెండిపూత పొట్టులా లేచిపోయి ఉంది. తనకు కావలసిందీ వాటిలోనే ఉందట. ముందే పాడైందో, ఆ రోజు ఎండకే పాడైందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న నేను నెత్తళ్ళు పరుస్తుండగానే ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. ఉద్యోగం తీసేశారు. తాడు ఖాళీగా ఉంది. కాకులు వాలుతున్నాయి. కర్ర తెచ్చి దాని చేతికిచ్చాను.