పెట్రోలు కొలిచే కర్ర

నాకు విమానం నేర్పిన సారు చేతిలో ఎప్పుడూ పెట్రోలు కొలిచే కర్ర ఉండేది. మూరెడు పొడవు, గీతలు చెక్కిన టేకు ముక్క. ఎగరబోయే ముందు రెక్క మీది ట్యాంకులో ముంచి, ఎంతవరకు తడిసిందో చూసి పెట్రోలు లెక్క తేల్చడానికి అది. సారు ఆ పని కానిచ్చి, తుడిచి, దాన్ని తనతోపాటు లోపలికి తెచ్చుకునేవారు. విమానం ముక్కు కాస్త ఎక్కువ లేచిందంటే నా వేళ్ల కణుపుల మీద ఠపీమని పడేది. "ముక్కు దించండమ్మా" అని ఆ తర్వాత ఎంతో మర్యాదగా అనేవారు. కోస్తా మనిషి. కొట్టేటప్పుడు కూడా 'అండి' మానలేదు.

శంషాబాద్‌లో మా అమ్మ దవాఖానలో నర్సు. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు నా వేళ్లకు టింక్చర్ రాస్తూ నన్ను దులిపేసేది.

"ఏందే గిది? ఇమానం నేర్వనీకె పోతున్నవా, తన్నులు తిననీకె పోతున్నవా?"

"ఆడ రెండూ ఒక్కటేనే అమ్మా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆయన ముందు నోరెత్తలేదు. ప్రైవేటు పైలట్ లైసెన్సు వచ్చేదాకా ఓర్చుకున్నాను, కమర్షియల్ వచ్చేదాకా ఓర్చుకున్నాను. ఒక్కటే ఒట్టు పెట్టుకున్నాను: నేర్పేవాళ్ల సీట్లో నేను కూర్చున్న రోజు ఆ దరిద్రపు కర్ర నా విమానంలోకి రాదు.

అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను. పూర్తి ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే సారు సిఫారసు కావాలి. ఆయన ఇవ్వనన్నారు.

"మీరు కొట్టరు. మీ దగ్గర నేర్చుకునేవాళ్లకు భయం లేదు. భయం లేనివాడు తను చస్తాడు, పక్కవాణ్ణీ చంపుతాడు. మీ పద్ధతిలో ఒక్కణ్ణి ఒంటరిగా ఎగరేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

అలా అని, తన దగ్గర ఏడాదిగా దెబ్బలు తింటున్న కొత్తూరు నుంచి వచ్చే ఒకతన్ని నాకు అప్పగించారు. పాతికేళ్లవాడు, నెమ్మదస్తుడు.

ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయం రన్‌వే ఉన్నచోట అప్పుడు జొన్నచేలు, రాతిగుండ్లు. ఇంజను ఆగిపోతే చేలో ఎలా దిగాలో అక్కడే సాధన చేయించేవాళ్లం. ఇంజను జోరు తగ్గించి, చేను మీదికి జారి, నేలను తాకకుండానే మళ్లీ పైకి లేవాలి. ఆ పొద్దున అతను ఎంతో చక్కగా దించుకొస్తున్నాడు. "శెభాష్ తమ్మీ, గట్లనే రానియ్యి" అన్నాను. ఎడమ పక్క కరెంటు తీగలు కనిపించాయి. చూపిద్దామని చటుక్కున చెయ్యెత్తాను.

అంతే. అతను ముందున్న కంట్రోలు పిడి వదిలేసి రెండు చేతులతో తల కప్పుకుని ముందుకు ముడుచుకున్నాడు. మోచేతులు కంట్రోలును లోపలికి నొక్కేశాయి. విమానం నేలకేసి వంగింది. "లే! లేరా!" అని అరుస్తూ అతన్ని భుజంతో గుద్ది వెనక్కి నెట్టాను, కంట్రోలు గుంజాను, ఇంజను జోరు పెంచే థ్రాటిల్ మొత్తం తోశాను. అప్పటికే ఆలస్యమైంది. ముందు చక్రం చేను గట్టుకు కొట్టుకుని విరిగింది. ప్రొపెల్లర్ జొన్నకర్రలను నరుక్కుంటూ పోయింది, కంకులు అద్దం మీద రాళ్లలా పడ్డాయి. ఆగేసరికి అతని నుదురు పగిలి నెత్తురు కళ్లలోకి కారుతోంది. నా నోట్లో పన్ను ఊగుతోంది.

బయటికి లాగి గట్టు మీద కూర్చోబెట్టాను.

"అక్కా, కొడ్తవనుకున్న" అన్నాడు. "చెయ్యి లేస్తే ఇగ నాకేం యాదికుండది."

"నేనెన్నడన్న నిన్ను కొట్టిన్నా?"

"కొట్టలె. గని చెయ్యి చెయ్యే గదక్కా."

సారు జీపులో వచ్చి, ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నారు. విమానం చుట్టూ తిరిగారు. ట్యాంకులో కర్ర ముంచి, పెట్రోలు ఉందని తేల్చుకున్నారు. ఆ తడి కర్రతోనే అతని దగ్గరికి వచ్చి, "కంట్రోలు వదులుతారా? వదులుతారా?" అంటూ నెత్తురోడుతున్న మనిషిని భుజాల మీద వాయించారు.

కర్ర లాక్కుని ఆయన మీదికే ఎత్తాను. సిఫారసు పోతే పోనీ, లైసెన్సు పోతే పోనీ, జైలుకు పోతే పోనీ. ఆ క్షణంలో ఆయన్ను చంపేద్దామనే ఉంది.

అరవైకి దగ్గరపడ్డ ఆ మనిషి చేతులు రెండూ ఎగిరి తల మీదికి పోయాయి. నడుం వంగిపోయింది. మోచేతులు ముందుకొచ్చాయి. అచ్చం ఆ కొత్తూరు అతనిలాగే ముడుచుకున్నారు.

చాలాసేపు చేతులు దించలేదు. "మా గురువుగారి కర్ర ఇనపదమ్మా" అన్నారు చివరికి, నేలకేసి చూస్తూ.

నేను కర్రను మోకాలికేసి కొట్టాను. టేకు కదా, ఒకపట్టాన విరగలేదు. విరిగేసరికి మోకాలు వాచింది.

బాగుచేసిన ఆ విమానంలోనే కొత్తూరు తమ్ముడు మళ్లీ నా పక్కన ఎక్కాడు. అతను ఒంటరిగా ఎగిరి దిగిన రోజు సారు నా సిఫారసు మీద సంతకం పెట్టారు. ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాక కూడా నాకొక అలవాటు ఉండిపోయింది. చెయ్యి కదపాలంటే ముందు నోటితో చెప్పేదాన్ని: "చెయ్యెత్తుతున్న తమ్మీ, తీగలు చూపెట్టనీకె." ఎన్నడూ దెబ్బ తినని కొత్తవాళ్లు దానికి పగలబడి నవ్వేవాళ్లు. నవ్వనిచ్చేదాన్ని.