జనక్‌పురి హాల్లో వినబడని సముద్రం

మొన్న ఆదివారం గోంగూర పచ్చడి వీడియో ఒకటి ఫోనులో పెట్టుకుంటే బొమ్మ కదులుతోంది గానీ మాట వినబడదు. ఫోనును అటు తిప్పి ఇటు తిప్పి, విసుగొచ్చి దాని వీపున రెండు దెబ్బలు కూడా వేశాక, ముందుగదిలో కునుకు తీస్తున్న మావారు ఉలిక్కిపడి లేచి, ఎండుమిర్చి వేయించమని ఎవరో ఆవిడ తన మీద కేకలేస్తోందని గోల పెట్టారు. మా అమ్మాయి కొన్న స్పీకరుతో నా ఫోను తనంతట తానే జతకట్టి, ధ్వనినంతా అక్కడికి పంపేసిందన్నమాట. ఆయన సణుక్కుంటూ మళ్లీ పడుకున్నారు. నేను మాత్రం పొయ్యి కట్టేసి, పచ్చడి సంగతి మరచి, చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట. నేనప్పుడు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టైపు మిషను మీంచి కంప్యూటరు మీదికి మారిన స్టెనోని. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మొదట ముట్టుకోవడానికే భయపడి తర్వాత దాన్ని వదల్లేకపోయిన తరం మనది. కాపురం ఢిల్లీలో, మయూర్ విహార్‌లో. మావారి అక్కగారు, అంటే మా వదిన, ఆస్పత్రిలో నర్సు; ఉండేది ఊరికి ఆ చివర జనక్‌పురిలో. అక్కడ మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లం ఆదివారం ఆరాధనకు అద్దెకు తీసుకున్న హాల్లోనే క్రిస్మస్ ముందర పిల్లలచేత ఏటా ఒక నాటకం వేయించేవాళ్లం.

ఆ ఏడు నాటకం వదినే రాసింది. సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు, వదినకు పదేళ్లప్పుడు వచ్చిన ఉప్పెన, తలదాచుకోవడానికి ఊరంతా చేరిన చిన్న చర్చి. ఆ రాత్రే మా అత్తగారు నీళ్లలో పోయారు. మావారు అప్పటికి చంటిపిల్లవాడు, ఆయనకేమీ గుర్తులేదు, గుర్తున్నదంతా వదిన ఒక్కదానికే. ఢిల్లీలో నాలుగు చినుకులు గట్టిగా పడినా ఆవిడ కూర్చోలేకపోయేది, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉండేది. అది చూసి కన్నకొడుకే నవ్వేవాడు. "మమ్మీ, బారిష్ హీ తో హై!" అనేవాడు పద్నాలుగేళ్ల మా మేనల్లుడు, వానే కదా అని. ఆ మాట వదినకు ఎక్కడ తగిలేదో నాకు తెలుసు. "వీళ్లకి చెప్తే తెలీదమ్మాయ్. ఒక్కసారి ఆ హోరు చెవులారా వింటే ఇంకెప్పుడూ నవ్వరు. నాకది వినిపించి పెట్టు, చాలు" అంది.

అంత పెద్ద పని నన్ను నమ్మి అప్పగించింది గదా, నాకిక నిద్రాహారాలు పట్టలేదు. అసలే కుదురులేని మనిషిని. కంప్యూటరు సామాను దొరికే నెహ్రూ ప్లేస్ బజారుకు వెళ్లి, నాలుగైదు దుకాణాలు తిరిగి, మా ఇంటి కంప్యూటరుకు ఇంకో సౌండ్ కార్డు వేయించాను. పాత కార్డులోంచి ఒక తీగ, తెర వెనక పిల్లలకు వినబడేందుకు పెట్టిన చిన్న స్పీకరుకు. కొత్త కార్డులోంచి రెండు తీగలు ఆంప్లిఫయరు ద్వారా హాల్లో ముందున్న స్పీకర్ల జతకూ వెనకున్న జతకూ. పత్రికతో ఉచితంగా వచ్చిన ఒక సీడీలో, ధ్వనులన్నీ వరుసగా పేర్చుకుని, ఏది ఎటు పోవాలో ముందే చెప్పిపెట్టి, స్పేస్ మీట నొక్కినప్పుడల్లా ఒక్కొక్కటి మోగించే ప్రోగ్రాం దొరికింది. సముద్రం ప్రేక్షకుల వీపు వెనక మొదలై, తలల మీదుగా వేదిక మీదికి రావాలని నా ఊహ. ఆ ఊహ వచ్చిన రోజున ఆఫీసులో ఫైళ్లన్నీ తప్పులతడకగా టైపు చేసి చీవాట్లు తిన్నాను.

తీరా చూస్తే సముద్రమే దొరకలేదు. సీడీల్లో ఉన్న అలలన్నీ విని వదిన తల అడ్డంగా ఊపింది. మా తమ్ముడు సూర్యలంక ఒడ్డుకు వెళ్లి టేపు చేసి పంపిన అసలు సముద్రాన్నీ కాదంది. రెండు మూడు కలిపి, వేగం తగ్గించి, లోతు పెంచి వినిపించినా, కళ్లు మూసుకుని విని, "బాగుంది గానీ, ఇందులో ఏదో లేదమ్మాయ్" అనేది. ఏమి లేదంటే చెప్పలేకపోయేది. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. చివరికి ఇదే ఠీక్ హై అని ఆవిడ సర్దుకుంది, సర్దుకున్నందుకు నాకు ఇంకా బాధ వేసింది.

మెట్రో అప్పటికి మావైపు రాలేదు. రిహార్సళ్లకు మోసుకెళ్లినట్టే ఆ రోజూ కంప్యూటరు డబ్బాను దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, ఆటోలో ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు చేరాను. గుంతలో చక్రం పడినప్పుడల్లా ఆటో భయ్యాను తిట్టాను. హాల్లో తెర పక్కన బల్ల వేసుకుని, తీగలన్నీ తగిలించి, రిహార్సల్లో ఒక చావు సన్నివేశం మధ్య టింగుమని మోగి పిల్లల్ని నవ్వించిన కంప్యూటరు సొంత శబ్దాలన్నీ నోరు మూయించి, ముందూ వెనకా స్పీకర్లు పరీక్షించి చూసుకున్నాను. అన్నీ పలికాయి.

సాయంత్రం హాలు నిండింది. ముందుగా స్పీకర్లలో క్రిస్మస్ పాట మోగింది, తర్వాత నాటకం మొదలైంది. ఉప్పెన ఘట్టం వచ్చింది. వేదిక మీద పిల్లలంతా ఊరివాళ్లు, మా మేనల్లుడూ వాళ్లలో ఒకడు, వదిన వాళ్లందరికీ పెద్ద అయిన ముసలవ్వ. నేను మీట నొక్కాను. నా పక్కనున్న చిన్న స్పీకరులోంచి హోరు లేచింది, పిల్లలు నిజంగానే జడుసుకుని ఒకరినొకరు పట్టుకున్నారు. నా గుండె పొంగిపోయింది. తొంగి చూద్దును గదా, హాల్లో ఒక్క మొహంలోనూ చలనం లేదు, వీళ్లెందుకు భయపడుతున్నారా అన్నట్టు చూస్తున్నారు. సముద్రం నా పక్కన తప్ప ఇంకెక్కడా లేదు! కంప్యూటరు తెర మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కొత్త కార్డుకు ధ్వని పోతున్నట్టే గీతలు ఎగురుతున్నాయి. ఉన్న మీటలన్నీ నొక్కితే నా పక్కనున్న చిన్న స్పీకరు కూడా మూగబోయింది. వదిన ముప్పై ఏళ్లుగా మోస్తున్నదాన్ని నేను చేజేతులా మంట గలిపానని నిలువునా కుంగిపోయాను.

ఆ నిశ్శబ్దంలో వదిన మోకరించి తన మాట చెప్పింది. "అందరం గొంతెత్తి ప్రార్థన చేద్దాం రండి." రిహార్సళ్లలో ఆ మాట ఎప్పుడూ సముద్రంలో మునిగిపోయేది, ఎవరూ విన్నది లేదు. ఇప్పుడు హాలంతా విన్నది. మా సంఘంలో ఆ మాట పెద్దలు అన్నారంటే, ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరూ ఒక్కసారే, ఎవరి మొర వారు పైకి చెప్పుకోవడం ప్రతి ఆదివారం అలవాటు. అది నాటకమన్న సంగతి ఎవరికి గుర్తుంది? మొదట వెనక వరుసల్లో కూర్చున్న, కోస్తా నుంచి వచ్చిన పెద్ద నర్సమ్మలు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. తర్వాత మధ్య వరుసలు అందుకున్నాయి. ఆ మొర వెనక నుంచి లేచి, తలల మీదుగా, పెరిగి పెరిగి వేదిక మీదికి వచ్చింది. నేను మీటల మీద నుంచి చేతులు తీసేశాను. వదిన తర్వాతి మాట చెప్పలేదు. మోకాళ్ల మీదే ఉండి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది, పక్కనున్న కొడుకు పాత్ర మరచిపోయి ఆవిడను పట్టుకుని "అమ్మా, అమ్మా" అన్నాడు. మమ్మీ అనలేదు.

ఒక పెద్దాయన ఆమెన్ అన్నాక తెర లాగేశారు. వెళ్లి చూస్తే ఆంప్లిఫయరు తీగ గోడ నుంచి ఊడి ఉంది, ఆ ప్లగ్గులో కరెంటు టీ డ్రమ్ము కళపెళా మరుగుతోంది. టీ బాధ్యత చూసే అంకుల్ మొహం చిన్నబుచ్చుకుని, "అరే, పాట అయిపోయింది కదా, ఖాళీగా ఉందనుకున్నానమ్మా, చాయ్ ఠండీ హో రహీ థీ" అన్నారు, టీ చల్లారిపోతోందని. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అదేనమ్మాయ్. నీళ్ల హోరులో అమ్మ గొంతు, అందరి గొంతులూ కలిసిపోయి ఉన్నాయి. నాకు సముద్రం ఒక్కటే గుర్తుందనుకున్నాను" అంది.

మరుసటి వర్షాకాలం వదిన గదిలో తిరుగుతుంటే మా మేనల్లుడు నవ్వలేదు, లేచి తనూ వెంట తిరిగాడు.

ఇప్పుడు సంఘానికి సొంత భవనం ఉంది, గొంతుకొక మైకు ఉంది, అన్నింటినీ ఒక పలక మీద వేలితో నడిపిస్తున్నారు. అందరం గొంతెత్తుదాం అని మాత్రం ఎవరూ అనరు, అంటే స్పీకర్లు ఈలలు వేస్తాయట. ఒకరు ఇంగ్లీషులో ప్రార్థిస్తే మిగిలినవాళ్లం నెమ్మదిగా తలలు వంచుకుంటాం. వదిన పోయింది. నా ఫోను ఇంట్లో ఏ గదికి కావాలంటే ఆ గదికి ధ్వని పంపగలదు, నేను వినాలనుకునేది మాత్రం అందులో లేదు. ఈమధ్య వాన గట్టిగా కురిస్తే నేనే కూర్చోలేకపోతున్నాను. "మమ్మీ, బైఠ్ జావో నా" అని నవ్వుతుంది మా అమ్మాయి. కూర్చుంటాను, మళ్లీ లేస్తాను.