మొసళ్ల నదిలో ఆగిన ఇంజను

నా స్నేహితుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపేవాడు. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాను. చదువుకునే రోజుల నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

కిందటేడు నడిసముద్రంలో అతని బోటు ఇంజను ఆగిపోయింది. మూడు రోజులు ఎటో కొట్టుకుపోయాక వేరే బోటువాళ్లు చూసి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ అతను మళ్లీ బోటెక్కలేదు. జాలరిపేటలో ఇంటి అరుగు మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

"ఎక్కడికైనా తీసుకెల్లన్నయ్యా," అని వాళ్లావిడ నన్ను బతిమాలింది.

అతన్నడిగితే, "నీల్లు కనపడని సోటుకైతే వత్తాను బావా," అన్నాడు.

అలా ఇద్దరం రాజస్థాన్ వెళ్లాం. రెండు రోజులు ఇసుక తప్ప మరొకటి చూడలేదు. మూడో రోజు కారు డ్రైవరు, తూర్పున ఒక రోజు ప్రయాణం దూరంలో ఒక నది ఉందనీ, మొసళ్లూ పక్షులూ బతకాలని అటవీశాఖ దాని ఒడ్డంతా కాపాడుతోందనీ చెప్పాడు. నాకు చూడాలనిపించింది. బావ అయిష్టంగానే కారెక్కాడు.

ఎర్రటి ఎండలో, గోధుమరంగు దిబ్బల మధ్య, ఆ నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఇసుకతిన్నె మీద మొసళ్లు నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లను తిప్పడానికి చిన్న డీజిల్ బోటు ఒకటుంది.

"నాను రాను. నువ్వెల్లు," అన్నాడు బావ.

నేనెక్కాను. ఒడ్డు నుంచి కాస్త దూరం పోయామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బోటతను తాడు లాగాడు, మళ్లీ లాగాడు. బోటు మెల్లగా మొసళ్ల తిన్నె వైపు జరుగుతోంది.

"బావా!" ఒడ్డు మీంచి కేక. "డీజిలు పైపులో గాలి పట్టేసింది! పంపు కాడ నట్టు వదులు సెయ్యమను!"

నేను నాకొచ్చిన హిందీలో చెప్పాను. బోటతను స్పానరు తీశాడు.

"బుడగలు వత్తన్నాయా?"

"వత్తన్నాయి!" నాకు తెలియకుండానే నేనూ అతని యాసలోనే అరిచాను.

"ఆగీదాకా ఉంచి, బిగించీమను!"

అప్పటికి బావ మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చేశాడు. అటవీశాఖ కాపలా మనిషి వెనక నుంచి అతని చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

ఈసారి తాడు లాగగానే ఇంజను అందుకుంది. నేను బోటు అంచు పట్టుకుని పిచ్చివాడిలా నవ్వాను. ఒడ్డున దిగి ఇసుకలో కూలబడ్డాను.

బావ నన్ను పట్టించుకోలేదు. బోటతన్ని తెలుగులో తిట్టడం మొదలుపెట్టాడు. అతను హిందీలో జవాబు చెబుతున్నాడు. ఇద్దరూ ఇంజను మీదికి వంగారు. కాసేపటికి బావ చేతులు తుడుచుకుంటూ, "ఓ రౌండేసి వత్తాను, కూకో," అని బోటెక్కేశాడు.

విశాఖ వచ్చిన వారానికి, షిఫ్టుకి బయల్దేరుతుంటే వాళ్లావిడ ఫోన్ చేసింది.

"తెల్లారగట్ల బోటేసుకుని ఏటకెల్లిపోనాడన్నయ్యా. సెప్పినా ఆగలేదు."

ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. ఆ రోజు ప్లాంట్‌లో నాకు పని బరువు తెలియలేదు.