నేను పిలవకుండా వేసిన స్విచ్చి

ఐదేళ్లుగా ఒక అబద్ధం నాతో పాటే నిద్ర లేస్తోంది. రోజూ డైరీ రాస్తాను. అందులో కూడా ఈ ఒక్కటీ రాయలేదు. ఎవరు చదువుతారని భయం? నేనే. మీరు నన్నెరుగరు కనుక చెబుతున్నాను.

మాది మొఘల్‌పురా. అప్పట్లో సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ షెడ్డులో పనిచేసేదాన్ని. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్లను అక్కడ ఇనుప పెట్టెల్లో అమర్చేవాళ్లం. నాలుగు కాళ్ల మీద నిలబడే పెట్టె, నా అంత ఎత్తు. ముందువైపు సర్క్యూట్ కార్డులు, నడుమ అరలో మెయిన్ కరెంటును ఐదు వోల్టులకు దించే పవర్ సప్లై, వెనక స్విచ్చి. స్విచ్చి దగ్గర నేను. ముందు యాదగిరన్న, అందరిలోకీ పాత మెకానిక్. ఒకరికొకరం కనబడం. అందుకే అక్కడొక కట్టుబాటు ఉండేది. స్విచ్చి వేసే మనిషి ‘లైన్’ అని గట్టిగా పిలవాలి. మూడు లెక్కపెట్టాలి. అవతలి మనిషి చేతులు తీసేస్తాడు. అప్పుడు వెయ్యాలి.

నాకు గొంతు పెగిలేది కాదు. మొదటి వారం పిలిస్తే, దోమ గిట్ల వచ్చిందా ఏంది అన్నారెవరో. షెడ్డంతా నవ్వింది. యాదగిరన్న నవ్వలేదు. అది కూడా రాయాలి. ఆ తర్వాత నేనొక ఉపాయం కనిపెట్టాను. వంగి పెట్టె కింది సందులోంచి చూసేదాన్ని. అవతల పాదాలు కనబడకపోతే ఎవరూ లేనట్టే కదా? పిలవకుండానే వేసేదాన్ని.

ఆ రోజు పాదాలు కనబడలేదు. వేశాను.

యాదగిరన్న స్టూలు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, మెయిన్ వైరు స్క్రూ బిగిస్తున్నాడు.

ఠప్పుమని చప్పుడు, కాలిన వాసన. నేను చుట్టూ తిరిగి వెళ్లేసరికి నేల మీద ఉన్నాడు. కుడి అరచెయ్యి కమిలిపోయింది. అందరూ మూగారు. సూపర్‌వైజర్ కంటే ముందు ఆయనే అడిగాడు.

“చెల్లె, పిలిచినవా?”

“పిలిచిన అన్నా.”

అంత స్పష్టంగా ఆ షెడ్డులో నేనెప్పుడూ మాట్లాడలేదు.

“గట్లనా. అయితె నాకే ఇనవడలె.”

మిగతావాళ్లూ వినలేదు. కానీ నా గొంతు ఎవరికి వినబడింది గనక? చెవులు సరిగా వినబడని మనిషిని కరెంటు దగ్గర ఉంచలేమని, చెయ్యి మానాక ఆయన్ని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్లు నేర్చిన పని పోయింది. డాక్టరు చెవుల్లో ఏ లోపమూ లేదన్నాడట. ఆయన డాక్టరును నమ్మలేదు. నన్ను నమ్మాడు. ఎవరు పలకరించినా తల వంచి చెవి దగ్గరికి తెచ్చేవాడు. నేను స్క్రూల కోసం వెళితే, జర గట్టిగ చెప్పు చెల్లె అనేవాడు. చెప్పేదాన్ని. గట్టిగా మాట్లాడటం నాకు అట్లా వచ్చింది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజమేనా? కాదు. పిలవడానికి సిగ్గుపడి ఒక మనిషిని కాల్చానని తెలిస్తే మళ్లీ అందరూ నావైపు చూస్తారు. అంతమంది చూపు మోయలేక, నా లోపాన్ని ఆయన చెవుల్లో పెట్టాను. తర్వాత ఆ పని మానేశాను. ఆయన ఇంకా స్టోర్స్‌లోనే ఉన్నాడని విన్నాను. ఆయన ముందు నిలబడి చెప్పే ధైర్యం ఈ రాత్రికీ లేదు, రేపటికి వస్తుందని మాటివ్వలేను.

ఆ రోజు నేను పిలవలేదు. ఆయన చెవులకు ఏమీ కాలేదు.

రాశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.