కంపెనీ డబ్బా, బయటి పంపు

ఆ రోజుల్లో నాకు ఆగడం చేతనయ్యేది కాదు. ఆ రోజులంటే మరీ ఎడ్లబళ్ళ కాలం అనుకునేరు. చేతిలో సెల్‌ఫోను ఉండేది, కొత్తపేట నుంచి అమలాపురానికి కావలసినన్ని బస్సులుండేవి. (ఆ బస్సు కోసం పది నిమిషాలు నిలబడలేక ఆటో ఎక్కేవాణ్ణి. ఆటో నిండేదాకా కదిలేది కాదు. ఈలోగా బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయేది.) కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలిక కాల్చుకునేవాణ్ణి, పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు మొదలెట్టేవాణ్ణి. బీఈడీ పూర్తిచేసి టీచరు పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న ఇరవై మూడేళ్ళవాణ్ణి. ఎదురుచూడటమే పనిగా దొరికితే నాలాంటివాడి అవస్థ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలీ వేస్తుంది, వీపు మీద ఒక్కటి వెయ్యాలనీ అనిపిస్తుంది.

మా బాబాయ్ గారు వేదం చదువుకున్న మనిషి. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళన్నా గృహప్రవేశమన్నా ఆయనే పురోహితులు. అరవయ్యో ఏట మోకాళ్ళు మొరాయించడంతో ఒక సెకండ్ హ్యాండ్ తెల్లకారు కొన్నారు. నడపడం ఆయనకి రాదు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నాకు పడింది. స్కూటరు తాళాలివ్వడానికి మా నాన్నగారే జంకే రోజుల్లో, బాబాయ్ గారు నన్ను ఒక్కసారి కూడా 'మెల్లిగా' అనలేదు. ముహూర్తం ఎన్నింటికో చెప్పి, కళ్ళు మూసుకుని జపంలో పడిపోయేవారు. నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మొదటి మనిషి ఆయనే. ఆ నమ్మకం పోతుందేమోనన్న భయం వల్లే ఇదంతా జరిగింది.

మాఘమాసం. పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు. ఒకరోజు కారు కొత్తపేట దాటకుండానే టెంపరేచర్ ముల్లు పైకి పాకడం మొదలెట్టింది. మెల్లగా నడిపించుకుంటూ పానా మావయ్య షెడ్డుకి తీసుకెళ్ళాను. (ఊరందరికీ ఆయన పానా మావయ్యే. చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.) ఆయన బోనెట్ ఎత్తి, వంగి, అటూ ఇటూ చూసి తేల్చేశారు.

"వాటర్ పంపు పోయిందండి బాబుగారూ. నీళ్ళన్నీ కారిపోతన్నాయి. ఇలాగే తిప్పితే ఇంజిను పట్టేస్తదండి. కంపెనీది వెయ్యమంటారా, బయటిదాండి?"

"తేడా ఏంటండి?"

"కారు చేసిన కంపెనీవోళ్ళు తమ డబ్బాలో పెట్టి ఇచ్చేది ఒకటండి. పంపులే చేసుకునే వేరే కంపెనీవోళ్ళు తమ పేరుమీద అమ్మేది ఇంకోటండి, అందులో మంచియ్యీ ఉంటాయి. మూడోదుందండి, డబ్బా చూస్తే అచ్చం కంపెనీదే, లోపలిది ఎవడు చేసేడో ఆ దేవుడికే తెలియాలి. అది నేను ముట్టుకోనండి, ఆయ్. బయటిది మంచిది నా దగ్గరే ఉంది. కంపెనీది రాజమండ్రి నించి రావాలండి, మూడ్రోజులు."

బాబాయ్ గారికి ఫోన్ చేశాను. ఖర్చుకి వెనకాడే మనిషి కాదాయన. "కంపెనీదే వేయించరా. కాట్రేనికోన పెళ్ళి నాలుగో రోజు కదా, ఈలోగా నాకు ఊరు దాటే పనేం లేదు" అని పెట్టేశారు. అక్కడితో అయిపోవలసింది. ఇంటికెళ్ళి మూడు రోజులు పడుకుంటే సరిపోయేది. కానీ కారు అలా బోనెట్ ఎత్తుకుని ఉండటం, నేను చేతులూపుకుంటూ నడిచి ఇంటికెళ్ళడం నా వల్ల కాలేదు. షెడ్డులో బల్లమీద కూర్చున్నాను. పేపరు చదివాను. పేపరులో టెండరు ప్రకటనలు చదివాను. లేచి షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అప్పటికి గంట కూడా కాలేదు.

"ఆ బయటిదే వేసెయ్యండి మావయ్యా."

"పంతులుగారు కంపెనీది అన్నారు కదండి?"

"నేను చెప్పుకుంటాలెండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, చేతులు కడుక్కొస్తానని షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపటికి వచ్చారు. సాయంత్రానికి పంపు బిగించారు. అప్పుడైనా ఊరుకున్నానా! కంపెనీది ఖాళీ డబ్బా ఒకటి ఉంటే ఇమ్మన్నాను. ఆయన తల గోక్కుని, అటక మీంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "పార్టు మంచిదేనండి. ఈ డబ్బాయే ఎందుకో నాకు తెలవటం లేదు" అన్నారు.

ఇంట్లో ఆ డబ్బా బాబాయ్ గారికి చూపించి, అదృష్టం కొద్దీ అమలాపురంలోనే దొరికిందని చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఏదీ, దానిమీద ఏం రాసుందో చదువు" అన్నారు. చదివాను. "నంబరు కూడా." అదీ చదివాను. ఆయన లేచి ఆ డబ్బాకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టారు. ఆ తరవాత తీర్థం పుచ్చుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ డబ్బా బొట్టుతో నన్నే చూస్తూ ఉండేది. మూడు రోజులు ఆగలేక వేయించిన పంపు, ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేకుండా చేసింది.

రెండో రోజు భోజనాల దగ్గర, గాలి ఎటు ఉందో చూద్దామని మాట కదిపాను. "బాబాయ్ గారూ, పూజలో వస్త్రం లేకపోతే 'వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి' అని అక్షింతలు వేస్తాం కదండీ. దేవుడికే చెల్లినప్పుడు కారుకి మాత్రం ఒకదాని బదులు ఇంకోటి వేస్తే తప్పేమిటండీ?"

ఆయన పప్పన్నం కలుపుతూ నిదానంగా అన్నారు. "తప్పేం లేదురా. కానీ వస్త్రం బదులు అక్షింతలని పైకి చెప్పి మరీ వేస్తున్నాం. అక్షింతలు వేసి పట్టుబట్ట పెట్టేనని ఎవడూ బుకాయించడు కదా."

నాకు పొలమారింది. పిన్ని నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంది.

నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరాం. కాట్రేనికోనలో పడవలూ రొయ్యల చెరువులూ ఉన్న ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళి. తొమ్మిది దాటాక ముహూర్తం. ఏడున్నరకల్లా బాబాయ్ గారు అక్కడుండాలి. ఆయన పక్క సీట్లో, ఆయన ఒళ్ళో పూజసంచీ. కారు పదడుగులు వేసిందో లేదో నాకు వినపడింది: టిక్కు, టిక్కు. ముల్లు చూశాను, మధ్యలోనే ఉంది. మళ్ళీ టిక్కు. ఆపి, బోనెట్ ఎత్తి, చెవి ఆనించి విన్నాను. ఇంజిను తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు. కదిలిస్తే మళ్ళీ టిక్కు.

"ఏఁవిట్రా?" అన్నారు బాబాయ్ గారు.

"ఏం లేదండి, మామూలు చెకింగు."

మామూలు చెకింగు కాలవగట్టు మీద ఒకసారి, కొబ్బరితోట పక్కన ఒకసారి జరిగింది. అమలాపురం చేరేలోగా కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే రోడ్డువార ఎవరో కొబ్బరిడొక్కలు తగలేస్తున్నారు. నేను తిరిగొచ్చేసరికి ఆయన ఫోనులో మాట్లాడుతున్నారు. అవతల పెళ్ళికూతురి తండ్రి గొంతు నా దాకా వినపడుతోంది. "ఎందాకా వచ్చేరండి పంతులుగారండీ? పిల్లని ముస్తాబు చేసేసేమండి. అందరూ మీకోసమే చూత్తన్నారండి!" బాబాయ్ గారు గడియారం వంక చూశారు, నా వంక చూడలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

అమలాపురం దాటాక ఒక మలుపు దగ్గర నా ధైర్యం పూర్తిగా చచ్చిపోయింది. ఇంజిను పట్టేస్తుంది, నడిరోడ్డు మీద ఆగిపోతాం, ఒక ఆడపిల్ల ముహూర్తం నా మూలంగా తప్పిపోతుంది, పంపు విప్పితే నా డబ్బా బాగోతం బయటపడుతుంది. ఇవన్నీ ఒకేసారి కళ్ళముందు ఆడాయి. ఆపేసి, మళ్ళీ బోనెట్ ఎత్తి చెవి ఆనించి, చివరికి బాబాయ్ గారి ఫోను అందుకుని, "కారు పాడైందండి, ఏదైనా బండి పంపండి" అని పెళ్ళివారికి నేనే చెప్పేశాను. అప్పటికి ఎనిమిది.

పావుగంటలో బండి వచ్చింది. రొయ్యల వ్యాను. వెనక ఐసుపెట్టెల నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దాన్ని చూసి నేను తల దించుకున్నాను. పట్టుపంచె కట్టుకుని, విభూతి పెట్టుకున్న మా బాబాయ్ గారు సంచీ చంకన పెట్టుకుని, ఉత్తరీయం ముక్కుకి చుట్టుకుని, "లగ్నం ముఖ్యంరా" అని ముందు సీట్లోకి ఎక్కేశారు. నేను వెనకాలే కారు పోనిచ్చాను, ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుందిలే అని. విచిత్రం, చప్పుడు లేదు! ముల్లు కదల్లేదు, వాసన లేదు, టిక్కు లేదు. ఇంతసేపూ చప్పుడు చేసిన భాగమేదో ఊడి దారిలో పడిపోయిందనుకున్నాను. కాట్రేనికోన దాకా వెనక అద్దంలో రోడ్డు వెతుకుతూనే నడిపాను.

పందిట్లోకి రొయ్యల వ్యాను రాగానే మేళగాళ్ళు, పెళ్ళికొడుకు తాలూకు ముఖ్యులెవరో వచ్చారనుకుని వాయించేశారు. (వీడియోవాడు తీశాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ అది వేసి చూపిస్తారట.) బాబాయ్ గారు చన్నీళ్ళతో మళ్ళీ స్నానం చేసి, పీటల మీద కూర్చుని సంచీ ముందుకి జరిపారు. టిక్కు. రాగి పంచపాత్ర తీశారు, అందులో ఉద్ధరిణి. టిక్కు, టిక్కు. నాలుగుసార్లు బోనెట్ ఎత్తి నేను వెతికిన చప్పుడు ఆచమనానికి సిద్ధమవుతోంది. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయాను. ఆయన క్రతువులో ఒక్కటీ వదల్లేదు గాని, ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. జీలకర్రాబెల్లం సరిగ్గా లగ్నానికే పెట్టించారు. పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుంటూ నా భుజం తట్టి, "సమయానికి తెచ్చేరండి బాబూ!" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "బాబాయ్ గారూ, ఆ పంపు కంపెనీది కాదండి. డబ్బా ఒక్కటే కంపెనీది."

"తెలుసురా" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "బిగించేముందే పానా ఫోన్ చేసేడు. మంచిదేనా అన్నాను. నా సొంత బండైనా ఇదే వేత్తానండీ అన్నాడు. అయితే వేసెయ్యమన్నాను."

"మరి ఆ రోజే అనొచ్చు కదండీ!"

"నువ్వే చెప్తావని చూసేను."

కాసేపటికి ఆయన గురక వినపడింది. నేను నడుపుతున్న కారులో, నా పక్కన, ఇల్లు వచ్చేదాకా నిద్రపోయారు.

ఆ పంపు మేం కారు అమ్మేదాకా బ్రహ్మాండంగా పనిచేసింది. బాబాయ్ గారు ఇప్పుడు లేరు. నేను రాజోలులో టీచరుని, నాకో కారుంది. దానికి కొన్ని పార్టులు కంపెనీవి వేయిస్తాను, కొన్ని బయటివి, ఏది ఏదో ఇంట్లో చెప్పేస్తాను. పనిమీద కాట్రేనికోన వైపు వెళ్ళినప్పుడు మాత్రం, అమలాపురం దాటాక ఆ మలుపు దగ్గర కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అక్కడ బోనెట్ ఎత్తుకుని, చొక్కా తడిసిపోయి నిలబడ్డ కుర్రాడొకడు నాకు కనిపిస్తాడు. ఆగి, "ఒరేయ్, పంపు బానే ఉంది. వెళ్ళి లోపలున్న ఆయనతో ఆ ఒక్క మాటా చెప్పెయ్, ఆయన ఎదురుచూస్తున్నారు" అందామనిపిస్తుంది. చెప్పినా వాడికి వినపడదు. వాడు చెవి ఇంజినుకి ఆనించి ఉన్నాడు.